పళ్లు ఊడేలోపు వాయించాల్సిన పాట

"ముందు పళ్లు రెండూ ఊడేలోపు నాకొక పాట రాసిపెట్టు అమ్మాయ్" అని అక్క అడిగినప్పుడు నేను నవ్వేశాను. అది నవ్వే సంగతి కాదని తర్వాత తెలిసింది. శాక్సఫోన్ వాయించేవాళ్లకు పై పళ్లే ఆధారం. వాటిని మౌత్‌పీస్ మీద ఆనించి, కింది పెదవిని మెత్తగా మడిచి, అడుగున బిగించి ఉండే రీడ్ అనే పలచటి ముక్క కింద పెట్టి ఊదాలి. అక్కకు చిగుళ్లు వదులయ్యాయి. ముందు పళ్లు కదులుతున్నాయి, ఎంతోకాలం నిలవవు, తీసేసి వేరేవి పెట్టాల్సిందేనని డాక్టరు తేల్చి చెప్పాడు. కొత్త పళ్లతో అన్నీ తినొచ్చట, శాక్సఫోన్ కూడా ఊదొచ్చట. కానీ సొంత పళ్లలోంచి తలలోకి పాకే అదురును బట్టే ఆవిడ స్వరం దిద్దుకునేది. అది పోతుందని ఆవిడ భయం. ఆ అదురు ఉండగానే, తన కోసమే రాసిన పాట ఒకటి నలుగురి ముందు వాయించాలని కోరిక.

అక్క అంటే నా తోబుట్టువు కాదు. కృష్ణా జిల్లా నుంచి తొంభైల్లో భర్త ఉద్యోగంతో వచ్చి, తానూ సాఫ్ట్‌వేర్‌లో చేరి, గండిపేటలో ఫ్లాట్ కొనుక్కుని స్థిరపడిన మనిషి. అక్కడే ఒక స్కూల్లో నేను పియానో నేర్పుతాను. ఆవిడ కూతురు చిన్నప్పుడు నా దగ్గర నేర్చుకునేది. కూతురు పియానో మానేసింది కానీ తల్లి మాత్రం నన్ను వదల్లేదు. నలభై దాటాక ఎవరి పెళ్లిలోనో సన్నాయికి బదులు శాక్సఫోన్ విని, ఇంటికొచ్చి కుదురుగా కూర్చోలేక ఒకటి కొనేసింది. కొన్నేళ్లు కీర్తనలు నేర్చుకుంది, తర్వాత రిటైరైన ఒక బ్యాండ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య పద్ధతి. ఏది నేర్చుకున్నా పరీక్షకు చదివినట్టు నేర్చుకునేది. కాగితం మీద ఏముంటే అదే వాయించేది, ఒక చుక్క అటూ ఇటూ పోయేది కాదు. పాటలు రాసేవాళ్లకు అలాంటి మనిషి దొరకడం అదృష్టమని నేను మురిసిపోయేదాన్ని.

నేను రాసేది ఏమిటో మా చుట్టాలకు వివరించడం నాకు ఇప్పటికీ చేతకాలేదు. మాటలుండవు, పల్లవి తిరిగి రాదు. హాల్లో జనం దగ్గు కూడా ఆపుకుని వినాల్సిన సంగీతం. ఏ సినిమాకు రాస్తున్నవని అడుగుతారు. ఏ సినిమాకూ కాదంటే, పాపం అన్నట్టు చూసి పళ్లెంలో ఇంకో గారె వేస్తారు. మా అన్న ఒక్కడే ఆ ప్రశ్న అడగలేదు. నా మీద గౌరవం కొద్దీ కాదు, ఆయనకు సినిమాలన్నా పడదు.

అడిగిన పాట రాస్తానన్నాను. అయితే సాధన ఎక్కడ? అక్క వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ఆవిడ శాక్సఫోన్ తీస్తే చాలు, అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మంటలు. పిల్లలకు పరీక్షలట, ముసలాయనకు గుండె జబ్బట, ఎవరికో మైగ్రేనట. అదే గోడ అవతల పొద్దంతా టైల్స్ కోసే మెషిన్ మోగితే ఎవరికీ ఏ జబ్బూ గుర్తుకురాదు. పాపం ఆవిడ సెల్లార్‌లో కారు అద్దాలు ఎత్తుకుని, స్టీరింగ్‌కి తగలకుండా వంకరగా కూర్చుని వాయించుకునేది. చూసి నాకు ఒళ్లు మండింది. మా ఊరికి పోదాం పద అక్కా అన్నాను.

మాది సురంగల్. మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డు వదిలి లోపలికి పోవాలి. మా అన్న అక్కడ పాలీహౌస్‌లో జెర్బెరా పూలు పండిస్తాడు. ఇనప పైపుల మీద తెల్లటి ప్లాస్టిక్ కప్పిన పెద్ద గుడారం, లోపల వరసగా మళ్లు, పైన సన్నగా నీటి పొగ చిమ్మే ఫాగర్లు. అడుగు పెడితే చాలు, కళ్లద్దాల మీద ఆవిరి పట్టేస్తుంది. చీర కాసేపట్లో ఒంటికి అతుక్కుపోతుంది. అన్న శాక్సఫోన్‌ను పైనుంచి కిందికి చూసి, పువ్వులు బెదరవు కదా మేడం అని అడిగాడు. బెదిరితే వెంటనే ఆపేస్తానండీ అని అక్క చాలా మర్యాదగా చెప్పింది. ఆయన అడిగింది వేళాకోళమని ఆవిడకు తెలియలేదో, తెలిసే అలా అన్నదో నాకిప్పటికీ అనుమానమే.

ఆ వానాకాలం ముందునుంచే మా పద్ధతి అలా కుదిరింది. అక్క ఆఫీసు పని ముగించుకుని అజీజ్‌నగర్ మీదుగా వచ్చేది. శని, ఆదివారాలు మాత్రం కుదిరేది కాదు, చుట్టుపక్కల రిసార్టుల డీజేల హోరులో మా మాట మాకే వినిపించేది కాదు. నేను బోర్లించిన ప్లాస్టిక్ ట్రే మీద కూర్చుని నాలుగు బార్ల స్వరాలు రాసేదాన్ని, ఆవిడ వాయించేది. నచ్చకపోతే కొట్టేసేదాన్ని. పాలీహౌస్‌లో మాట ప్రతిధ్వనించదు. తడి ఆకులూ మట్టీ ధ్వనిని తాగేస్తాయి, ప్లాస్టిక్ మాత్రం కింది స్వరాలకు లోలోపల జుమ్మని వణుకుతుంది. అన్న, ఆయన దగ్గర పనిచేసే అవ్వలిద్దరూ మళ్ల మధ్య వంగి మర్నాటి మార్కెట్‌కి పూలు తీసేవాళ్లు. మమ్మల్ని వాళ్లు పట్టించుకున్నట్టు కనిపించేవాళ్లు కాదు.

ఒకరోజు బయట ముసురు, లోపల ఫాగర్లు ఆపాల్సినంత చెమ్మ. అక్క మీటల మీద వేళ్లు ఏదో కొత్త వరసలో పెట్టి, ఒక మీట సగమే నొక్కి, ఊపిరి బాగా తగ్గించి ఊదింది. ఒకే ఊపిరిలో రెండు స్వరాలు పలికాయి. కింద ఒకటి బరువుగా, పైన ఇంకొకటి సన్నగా, పక్క గదిలో ఎవరో పని చేసుకుంటూ కూనిరాగం తీస్తున్నట్టు. శాక్సఫోన్‌లో ఇలా జంటగా స్వరాలు పలికించడం కొత్తేమీ కాదు, కానీ చాలావరకు అవి గీపెట్టినట్టు గట్టిగా వస్తాయి. ఇంత మెత్తగా రావడం నేనెప్పుడూ వినలేదు. మడి చివర అన్న కత్తెర ఆపి తలెత్తి చూశాడు.

"ఇంకెవలొచ్చిన్రు చెల్లె?"

ఎవరూ రాలేదు, అక్కే వాయిస్తోందన్నాను. నమ్మలేదు. దగ్గరికొచ్చి మళ్లీ వాయించమన్నాడు. ఆవిడ వాయించింది. అప్పటినుంచి ఆయన దానికి రెండు గొంతులు అని పేరు పెట్టేశాడు. సాయంత్రం మేము మొదలుపెట్టగానే రెండు గొంతులది ఎప్పుడని అడిగేవాడు.

పాట మొత్తం ఆ జంట స్వరం చుట్టూ కట్టాను. శాక్సఫోన్‌కు తోడు, నేలకు ఆనించి వాయించే పెద్ద వయొలిన్ లాంటి సెల్లో ఒకటే. మొదట రెండూ మాట్లాడుకుంటాయి, కాస్త వాదించుకుంటాయి. తర్వాత సెల్లో ఒంటరిగా చాలాసేపు సాగుతుంది. ఆ సేపంతా అక్క శాక్సఫోన్ దించి ఒళ్లో పెట్టుకుని ఊరకే కూర్చోవాలి. సెల్లో ఆగిపోతుంది, నిశ్శబ్దం. అప్పుడు ఏ సన్నాహమూ లేకుండా ఎత్తి, ఎత్తిన వెంటనే ఆ జంట స్వరం పలికించాలి. ఎదుటివాళ్లకు అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియకూడదు, మా అన్నకు తెలియనట్టే. ఒళ్లోంచి నేరుగా అని పెన్సిల్‌తో రాసి కింద గీత కూడా గీశాను. ఆ ఎత్తుగడ నాకెంత నచ్చిందో చెప్పలేను. పాలీహౌస్‌లో అది ఒక్కసారి కూడా తప్పలేదు.

సెల్లో వాయించే అబ్బాయి నగరం నుంచి ఒక్కసారే వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. ఈ తడికి చెక్క ఉబ్బుతుంది మేడం, జిగురు వదిలేస్తుంది, నా వల్ల కాదు అన్నాడు. బయట షెడ్డులో కూర్చుని, సెల్లోకి టవల్ చుట్టి, కడుపుతో ఉన్న మనిషిని కాపాడుకున్నట్టు కాపాడుకున్నాడు. అతను పోయాక మేమిద్దరం పగలబడి నవ్వాం. రీడ్ కూడా ఒక రకం వెదురు ముక్కేనని, అదీ తడికి ఉబ్బుతుందని, ఆ ఉబ్బిన మెత్తదనంలోంచే మాకు ఆ స్వరం దొరికిందని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. ఇన్నేళ్లు ఆ ముక్కను నోట్లో పెట్టుకున్న ఆవిడకు తట్టలేదు. ఇన్నేళ్లు దాని కోసం రాసిన నాకూ తట్టలేదు. ఎంతసేపూ రెండు పళ్ల గురించే భయపడ్డాం. ఇంకా ఎంత ముచ్చటంటే, బాగా పలికే రీడ్లను అక్క ఆ పాలీహౌస్‌లోనే ఊది ఊది ఎంచుకుంది, పొడిగా గట్టిగా ఉన్నవన్నీ పక్కన పడేసింది.

వానలు వెనకబట్టే నాటికి నగరంలో కచేరీ కుదిరింది. ఒక చిన్న హాలు, కొత్త సంగీతం వినే జనం, మంచి మైకులతో రికార్డింగ్. పళ్లు తీయించుకునే తారీఖును అక్క దాని తర్వాతికి జరిపించుకుంది. అప్పటిదాకా మేము పాలీహౌస్‌లో ఏదీ రికార్డు చేయలేదు. ఫాగర్ల చప్పుడు, మోటారు చప్పుడు, ఎందుకు, హాల్లో శుభ్రంగా అవుతుందిగా అనుకున్నాం. అక్క ఫోన్, నా ఫోన్, రెండూ ట్రే మీద పక్కపక్కనే పడి ఉండేవి. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపమొస్తుంది.

కచేరీ రోజు మధ్యాహ్నం హాల్లో సరిచూసుకున్నాం. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, బయట ఉక్కపోత, ఏసీ ఇంకా వేయలేదు. జంట స్వరం వచ్చింది. కాస్త పలచగా ఉంది కానీ వచ్చింది. జనం నిండితే సర్దుకుంటుందిలే అన్నాను. సాయంత్రం అన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పూలబొకే పట్టుకుని, చివరి వరసలో. ఆయన ఇలాంటి కచేరీకి రావడం అదే మొదటిసారి. ఎప్పుడు చప్పట్లు కొట్టాలో చెప్పమన్నాడు. అందరూ కొట్టినప్పుడు కొట్టు అన్నాను.

మా పాట వచ్చేసరికి ఏసీ దంచేస్తోంది. వేదిక మీదికే గాలి, పైనుంచి దీపాల వేడి. మొదటి భాగం అక్క అద్భుతంగా వాయించింది. తర్వాత సెల్లో ఒంటరి భాగం మొదలైంది, ఆవిడ నేను రాసినట్టే శాక్సఫోన్ ఒళ్లోకి దించుకుని కూర్చుంది. ఏసీ గాలికి ఆవిడ చీర కొంగు అల్లాడుతోంది. నేను ఆ కొంగును చూస్తూ కూర్చున్నాను. ఆ గాలి రీడ్ మీద కూడా తగులుతోందని అప్పుడు కూడా నాకు తోచలేదు. సెల్లో ఆగింది. నిశ్శబ్దం. అక్క ఎత్తి ఊదింది.

గాలి వచ్చింది. ఉత్త గాలి. గొట్టంలోంచి తుస్సుమని ఒక ఊపిరి, దాని అడుగున ఎక్కడో కింది స్వరం ఛాయ. ఆవిడ ఆగలేదు, కాగితం మీద ఎంతసేపు ఉందో అంతసేపూ ఊదింది. పై స్వరం రాలేదు. రెండోసారి వచ్చే చోటా రాలేదు. చివరిసారి వచ్చే చోట ఆవిడ కళ్లు మూసుకోవడం చూశాను. పాట ఆ గాలితోనే ముగిసింది.

హాలంతా చప్పట్లు, లేచి నిలబడి మరీ. నేను కూర్చున్నచోటి నుంచే దండం పెట్టాను. బయట చేతిలో గ్లాసులు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. స్వరం చచ్చిపోయి ఊపిరి మిగలడం ఎంత గొప్ప ఊహ అన్నారు. అంత పొడవు మౌనం రాయడానికి ధైర్యం కావాలన్నారు. థాంక్యూ అన్నాను. అందరికీ అదే అన్నాను, ఏం చెప్పను? పక్కన అక్క కూడా నవ్వుతూ నిలబడింది. వాళ్లది తప్పని నేననను, వాళ్లు విన్నది వాళ్లు మెచ్చుకున్నారు. లేనిదాన్ని వాళ్లెక్కడినుంచి వింటారు?

అన్న మాత్రం మెచ్చుకోలేదు. పార్కింగ్‌లో కారుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. బొకే ఇంకా చేతిలోనే ఉంది, ఇవ్వడం మర్చిపోయాడు.

"రెండు గొంతులు ఏమైనయ్ మేడం? నేను గదాని కోసమే కూసున్న."

ఆ సాయంత్రం అక్క ఏడ్చింది అప్పుడే. అన్న కంగారుపడి, తనేదో అనరానిది అన్నాననుకుని, బొకే ఆవిడ చేతుల్లో పెట్టి, పానం బాగలేదా అని నన్నడిగాడు. నేను కారు తలుపు తీసి ఆవిడను కూర్చోబెట్టాను.

దారిలో ఏసీ వేయబోతే అక్క నా చెయ్యి పట్టి ఆపింది. అప్పుడు నాకు అర్థమైంది, ఆవిడకు అంతకుముందే అర్థమైందని. రీడ్ ఎండిపోయింది. ఒక్కసారి నోట్లో పెట్టుకుని తడుపుకుని ఉంటే వచ్చేదేమో కదక్కా అన్నాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఒళ్లోంచి నేరుగా అని రాశావుగా అమ్మాయ్" అంది. నిష్ఠూరం లేదు అందులో. ఉన్నమాట చెప్పింది, అంతే. ఉంటేనే బాగుండేది.

పళ్లు తీయించుకోవడానికి మిగిలిన కొద్దిరోజుల్లో సురంగల్ వెళ్లి ఒక్కసారి వాయించి రికార్డు చేద్దామనుకున్నాం. ఆవిడకు చిగుళ్లు వాచి జ్వరం పట్టుకుంది, డాక్టరు అనుకున్న తారీఖు కంటే ముందే పళ్లు తీసేశాడు. కుదరలేదు. ఎవరినీ అనడానికి లేదు.

నెలలు గడిచాక కొత్త పళ్లతో అక్క మళ్లీ శాక్సఫోన్ పట్టింది. మామూలు స్వరాలు వచ్చాయి, బాగానే వచ్చాయి. మళ్లీ వానాకాలం రాగానే ఇద్దరం పాలీహౌస్‌కు వెళ్లాం. అదే చెమ్మ, అదే రకం రీడ్, మీటల మీద వేళ్లు అదే వరసలో. ఒకసారి కింది స్వరం, ఒకసారి ఉత్త కీచు. పంటి కింద ఏమీ తెలియడం లేదు, చెక్క పన్ను పెట్టుకున్నట్టుంది అంది. కొంతసేపటికి రీడ్ విప్పి తుడుచుకుని డబ్బాలో పెట్టేసింది. మనం ఆ హాల్లోని వాళ్లందరినీ ఇక్కడికే పిలవాల్సింది అంది. అవునన్నాను. అవ్వలిద్దరూ మళ్ల మధ్యనుంచి చూశారు. పాట మొత్తాన్ని ఉన్నది ఉన్నట్టు విన్నవాళ్లు వాళ్లూ, మా అన్నా. ఆ సాయంత్రాలను మేము సాధన అనుకున్నాం.

అక్క ఇప్పుడు కీర్తనలే వాయిస్తోంది. నన్ను ఇంకో పాట అడగలేదు. నేనూ రాస్తానని అనలేదు.

కచేరీ రికార్డింగ్ చాలామందికి నచ్చింది. వేరే ఊళ్లలో శాక్సఫోన్ వాయించేవాళ్లు కొందరు నొటేషన్ పంపమని అడుగుతుంటారు. చివర ఉత్త గాలి ఎలా ఊదాలో రాయలేదేమిటి అని ఒకాయన అడిగాడు.

మొన్న సురంగల్ వెళ్తే అన్న పూలు కోస్తూ ఫోన్లో ఆ రికార్డింగే పెట్టుకున్నాడు. ఆశ్చర్యపోయి గుమ్మంలోనే నిలబడ్డాను. సెల్లో ఒంటరి భాగం వచ్చింది. ఆయన కత్తెర కింద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని, సెల్లో ఆగీ ఆగకముందే ఫోన్ ఆపేశాడు. ఎందుకాపావని అడిగాను.

"ఆడికెల్లి నాకు యాదికున్నది గద చెల్లె. మల్ల ఫోన్ల ఎందుకు?"

ఎట్లుంటుండె అన్నా, ఒక్కసారి చెప్పు అన్నాను. ఎందుకంటే నాకు గుర్తు లేదు. అది పలికిన ప్రతిసారీ నేను కాగితం చూస్తూ ఉన్నాను, కాలం సరిపోయిందా, శ్రుతి తగ్గిందా అని దిద్దుతూ ఉన్నాను. రాసింది నేను, విన్నది ఆయన. అన్న నోరు తెరిచి ఆ రెండు గొంతులూ తీయబోయాడు. సిగ్గుపడి నవ్వి, అది నోటితో అయ్యేది కాదన్నాడు. తర్వాత కత్తెర తీసుకుని మడిలోకి వంగాడు. నేను ట్రే బోర్లించుకుని, ఫాగర్లు ఆగేదాకా అక్కడే కూర్చున్నాను.